మంచు రోజున నా వంతు

మా అక్కవాళ్ళ ఫ్లాట్‌లో ఏడాదికి ఒక్కరోజు మంచు కురుస్తుంది.

డిసెంబరులో ఒక శనివారం బావ హాల్లో ఏసీని పదహారుకు దించుతాడు. కిటికీ అద్దాలన్నీ జరిపి బిగిస్తాడు. టీవీలో ఒక వీడియో పెడతాడు. అందులో ఏ దేశమో తెలియని ఒక అడవి, ఒక కర్ర ఇల్లు, ఆగకుండా రాలే మంచు. గంటలకొద్దీ అదే. మేమంతా స్వెట్టర్లు వేసుకుని, సోఫా మీద కాళ్ళు ముడుచుకుని, గ్లాసుల్లో మిరియాల చారు పోసుకుని తాగుతాం. బయట, చలికాలమే లేని మా హౌగాంగ్‌లో, మామూలు డిసెంబరు వాన పడుతూ ఉంటుంది. కింద నడిచే వాళ్ళంతా చెప్పులతో, నిక్కర్లతోనే ఉంటారు.

ఈ పిచ్చి మొదలవడానికి కారణం మా అక్క కూతురు. ఒక ఏడాది క్రిస్మస్ సెలవులకి కొరియా వెళ్ళి మంచు చూద్దామని స్వెట్టర్లు, మంకీ క్యాపులు అన్నీ కొనుక్కున్నాక దానికి చికెన్‌పాక్స్ వచ్చింది. ప్రయాణం ఆగిపోయింది. పిల్ల ఒళ్ళంతా లోషన్ పూసుకుని ఏడుస్తుంటే బావ ఏసీ రిమోట్ తీసుకుని, "ఏడవకమ్మా, మంచునే ఇంటికి రప్పిస్తా" అన్నాడు. ఆ ఏటి నుంచి అది మా ఇంటి ఆచారం అయిపోయింది.

ఆ రోజు కాసేపటికల్లా అద్దాలు మసకబారతాయి. ఎదురు బ్లాక్ కనపడదు. నిజంగానే ఎక్కడో చలిదేశంలో ఉన్నట్టు ఉంటుంది. మొదటిసారి నేను చేత్తో తుడిచి చూశాను. పోలేదు. లోపల చల్లగా, బయట ఉక్కగా ఉండడంతో ఆ తడి అద్దానికి బయటివైపు పడుతుంది. లోపలి నుంచి ఎంత తుడిచినా పోదు.

నాకు డిసెంబరులో అన్నిటికన్నా ఇష్టమైన రోజు అదే. దుప్పటి కప్పుకుని మూలన కూర్చుని పుస్తకం చదువుకోవచ్చు. మంచు చూస్తున్న వాళ్ళు పెద్దగా మాట్లాడరు. పక్కవాళ్ళు ఏమన్నా అడిగితే "చలి" అంటే సరిపోతుంది. ఈ ఏడు మాత్రం ఆ రోజు ఎప్పుడొస్తుందో అని భయపడుతూ గడిపాను.

నేను సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. మందుల పరీక్షల నివేదికల్లో తప్పులు వెతకడం నా పని. రోజంతా ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఉండేది అక్కవాళ్ళ దగ్గరే, పిల్ల గదిలో, రెండంతస్తుల మంచంలో కింది అంతస్తు. డైరీ రాసుకునేది ఎక్కువగా రైల్లో, సీటు దొరికిన రోజున. ఇంట్లో నేను మౌనంగా ఉండడం అందరికీ అలవాటు. నా మౌనానికి ఏ అర్థం కావాలంటే ఆ అర్థం చెప్పుకోవడం కూడా అలవాటే.

మాకు ఇక్కడ ఒక ప్రార్థన కూటం ఉంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని, షిప్‌యార్డులో పనిచేసే అన్నలు కొందరు. వారానికొకరి ఇంట్లో కూడుకుంటాం. బైబిల్ వాక్యం అయ్యాక ఒక్కొక్కరూ లేచి తమ మనవులు చెబుతారు. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి వర్క్ పాస్ రెన్యువల్, ఒకరి కొడుక్కి పరీక్షలు. తర్వాత అందరూ గుండ్రంగా కూర్చుని, చేతులు పట్టుకుని, కళ్ళు మూసుకుని గొలుసు ప్రార్థన చేస్తారు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థించాలి. నోరు పెగలని వాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి మెల్లగా నొక్కితే చాలు, వంతు వాళ్ళకి పోతుంది. నేను వచ్చిన దగ్గర్నుంచీ నొక్కేదాన్నే. నా పక్కన కూర్చునే వాళ్ళు నా వంతు రాకముందే గొంతు సవరించుకుంటారు.

అక్టోబరులో కూటం వుడ్‌ల్యాండ్స్‌లో ఒక ఆంటీ ఇంట్లో జరిగింది. మనవుల దగ్గర అక్క లేచింది. "మా చెల్లికి కెనడా సంబంధం వచ్చిందండి. అబ్బాయి రక్షింపబడినవాడు, మంచి కుటుంబం. ఈ కార్యం ప్రభువు సఫలం చేసేలా అందరూ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి."

ఆ అబ్బాయి ఫొటో నాకు చూపించింది ఆ ముందు రోజే. నేను "చూశాను" అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు.

ఆ రోజుతో అది సంబంధం కాకుండా పోయింది, ప్రార్థనగా మారిపోయింది. సంబంధం అయితే వద్దనవచ్చు. ఇంతమంది మోకాళ్ళ మీద అడుగుతున్న దాన్ని ఏమని వద్దంటాం? మార్కెట్లో ఆంటీ ఎదురుపడితే చేపల సంచి కింద పెట్టి మరీ నా తల మీద చెయ్యి పెట్టేది. షిప్‌యార్డు అన్న ఒకాయన ఒకరోజు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "సిస్టర్, మీ పెళ్ళి కోసం శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నానండి. దేవుడు తప్పకుండా చేస్తాడు." వెనకాల ఇనుము కోస్తున్న చప్పుడు. ఆయన మధ్యాహ్నం ఎండలో ఖాళీ కడుపుతో ఓడ మీద నిలబడి నాకు ఇష్టం లేని పెళ్ళిని దేవుణ్ణి అడుగుతున్నాడు. ఆ మెసేజ్ విన్నాక నాకు రైల్లో కూర్చోడానికి సీటు దొరికినా డైరీ తియ్యబుద్ధి కాలేదు.

ఆ అబ్బాయిలో వంక పెట్టడానికి లేదు. రెండుసార్లు వీడియోలో మాట్లాడాడు. రెండోసారి ఫోన్ తిప్పి బాల్కనీ చూపించాడు. రెయిలింగు మీద మంచు పరుపులా ఉంది. "చలంటే మీకు భయమా?" అని అడిగాడు. "తెలీదండి" అన్నాను. అతను మర్యాదగా నవ్వాడు. నాకు ఆ తెల్లటి బాల్కనీలో నిలబడిన నేను కనపడ్డాను. అక్కడ కూడా ఎవరో నా తరఫున మాట్లాడుతున్నారు. నేను పక్కవాళ్ళ చెయ్యి నొక్కుతున్నాను.

అక్కకి చెప్పాలని చూడకపోలేదు. ఒకరోజు తను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను.

"అక్కా, నాకెందుకో..."

"ఎందుకో అంటే ఏంటే?"

"మనసు అంత నెమ్మదిగా లేదు."

"ప్రార్థన చేశావా?"

"చేశాను."

"వాక్యం ఏమన్నా వచ్చిందా వద్దని?"

"రాలేదు."

"మరి? అది సాతాను పెట్టే భయం. నాక్కూడా మీ బావ ఫొటో చూసి నెమ్మది పోయింది. చూడు ఇప్పుడు ఎలా ఉన్నానో."

లోపల్నుంచి బావ, "నా ఫొటో అంత ఘోరంగా ఉందా?" అని అరిచాడు. అక్క నవ్వింది. మాట అక్కడితో పోయింది. మా ఇంట్లో "నాకు ఇష్టం లేదు" అనే మాటకి చోటు లేదు. "దేవుని చిత్తం కాదేమో" అనొచ్చు. కానీ అలా అనాలంటే ఆయన చెప్పి ఉండాలి. ఆయన నాకు ఏమీ చెప్పలేదు. నేను కూడా ఆయన్ని అడిగింది లేదు. అక్కతో "చేశాను" అన్నది ఊరికే అన్నమాట.

నవంబరు చివర్లో అమ్మ వచ్చింది, అరిసెల డబ్బా, గులాబీ పువ్వుల పిండివంట డబ్బా పట్టుకుని. నాన్న పోయాక ఇలాంటి విషయాల్లో జవాబు చెప్పేది అమ్మే. క్రిస్మస్‌లోగా విజయవాడలో అబ్బాయి తల్లికి మాట ఇవ్వాలి. అతనికి జనవరిలో సెలవు, అప్పుడే ఒప్పుకోలు. అమ్మ నన్ను ఒక్కసారే అడిగింది, అది కూడా అందరి ముందు. "నీకు సమ్మతమేగా?" నేను నేల చూశాను. అక్క, "దాని సిగ్గు నీకు తెలీదా అమ్మా" అంది. అమ్మ నా వంక ఇంకాసేపు చూసి ఊరుకుంది.

ఈసారి మంచు రోజునే మా ఇంట్లో, పండక్కి ముందు జరుపుకునే సెమీ క్రిస్మస్ పెట్టింది అక్క. కూటం పిల్లలకి కూడా మంచు చూపించినట్టు ఉంటుందని.

పొద్దున్నుంచీ పనులు. పిల్లా నేనూ పశువుల పాక కట్టాం, షూ డబ్బాతో. పైన దూది పరిచాను. పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసి, ఇక్కడి బడి యాసలో అంది.

"పిన్నీ, బేత్లెహేమ్‌లో స్నో ఎక్కడ ఉంటుంది లా? మిడిల్ ఈస్ట్ కదా."

"మరి తీసేద్దామా?"

"నో నో, ఉంచు. నైస్‌గా ఉంది."

అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, ఏసీ కింద నుంచి కుర్చీ జరుపుకుంది. "ఏవిటి అల్లుడుగారూ ఇది? ప్రభువు పుట్టిన పండక్కి మనల్ని ప్రభువు దగ్గరికి పంపిస్తారా?"

"ప్రాక్టీస్ అత్తయ్యగారూ. రేపు చిన్నమ్మాయి దగ్గరికి కెనడా వెళ్ళాలి కదా మీరు." బావ నావైపు తిరిగాడు. "ఏం మరదలా, వచ్చే ఏడు ఈ దొంగ మంచు నీ కంటికి ఆనుతుందా?"

అందరూ నవ్వారు. నేను దూది సర్దాను.

సాయంత్రానికి కూటం వాళ్ళు వచ్చారు. వానలో వచ్చారేమో, తడిసిన కాలర్లతో హాల్లోకి అడుగు పెట్టగానే పళ్ళు టకటకలాడాయి. షిప్‌యార్డు అన్న చేతులు చంకల్లో పెట్టుకుని, "అక్కా, మా డార్మిటరీలో ఫ్యాన్ తిరక్క చస్తుంటే మీరిక్కడ ఫ్రిజ్‌లో కాపురం ఉంటున్నారే" అన్నాడు. అక్క ఆయనకి బావ స్వెట్టర్ ఇచ్చింది. అది పొట్ట దగ్గర వదులు, చేతుల దగ్గర పొట్టి. పిల్లలు టీవీ ముందు చేరి మంచు చూసి రెండు నిమిషాల్లో విసుగెత్తి లోపలికి పోయారు. మాతో మా పిల్ల ఒక్కతే మిగిలింది, కేకు ఉన్న టేబుల్ పక్కనే.

వుడ్‌ల్యాండ్స్ ఆంటీ భర్త వాక్యం చెప్పాడు. నజరేతులోని ఆ అమ్మాయి, ప్రభువు తల్లి గురించి. దేవదూత వచ్చి నీ కడుపున ప్రభువు పుడతాడని చెప్పగానే మారు మాట్లాడకుండా తల వంచిందట. "అదీ విధేయత. మన ఆడపిల్లలు నేర్చుకోవాల్సింది అదే" అని నావైపు ప్రేమగా చూశాడు. ఆయన చూపులో ఏ చెడ్డా లేదు. అందువల్లే ఊపిరాడలేదు. అద్దాలు అప్పటికే తెల్లబడ్డాయి. తలుపు దగ్గర తడి గొడుగుల కుప్ప. నాకు రెండు వైపులా మనుషులు.

అప్పుడు నాకు ఒకటి గుర్తుకొచ్చింది. నేను చదివిన దాన్నే, చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టినదాన్నే. ఆ అమ్మాయి వెంటనే తల వంచలేదు. ముందు ఒక ప్రశ్న వేసింది. ఇదెలా జరుగుతుంది, అని. దూతకి కోపం రాలేదు. కూర్చోబెట్టి చెప్పినట్టు చెప్పాడు. ఆమె జవాబు ఆ తర్వాత వచ్చింది. పైగా ఆమెని అడక్కముందే ఊళ్ళో ఎవరూ దాని కోసం ప్రార్థనలు మొదలుపెట్టలేదు. ఆమెని అడిగాకే పని మొదలైంది. ఇంత పెద్ద దేవుడు ఒక పల్లెటూరి పిల్ల ఒప్పుకోలు కోసం గుమ్మంలో ఆగాడు. క్రిస్మస్ గురించి నేను నిజంగా నమ్మేది ఏదన్నా ఉంటే ఇదేనేమో అనిపించింది. దూదీ, నక్షత్రమూ తర్వాత.

మనవులు మొదలయ్యాయి. అక్క లేచి, "మా చెల్లి విషయం. సోమవారం అమ్మ మాట ఇస్తోంది. ఆటంకాలన్నీ తొలగిపోవాలని" అంది. కుర్చీలు గుండ్రంగా జరిపారు. నా ఎడమపక్క అక్క, కుడిపక్క షిప్‌యార్డు అన్న. ఆయన అరచెయ్యి గరుకుగా, చల్లగా ఉంది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

ఆంటీ ప్రార్థించింది. ఆమె భర్త ప్రార్థించాడు. బావ ఎప్పట్లాగే క్లుప్తంగా ముగించాడు. ఆపైన అమ్మ. నా పేరు చెప్పి, "తండ్రి లేని బిడ్డ ప్రభువా" అంది. ఆ మాట నా ధైర్యాన్ని సగం కోసేసింది. తర్వాత అక్క. అక్క చాలాసేపు, చాలా ఆశగా ప్రార్థించింది. తను నా మీద ప్రేమతోనే ఇదంతా చేస్తోందని నాకు ఎప్పుడూ తెలుసు. తెలియకపోతే ఎంత తేలికగా ఉండేదో. చివరికి తను ఆమేన్ అంది. నా వంతు వచ్చింది.

కుడిచేతి అన్న అప్పటికే గొంతు సవరించుకున్నాడు. నేను నొక్కాలి, అంతే.

నొక్కలేదు.

ఆయన ఎదురుచూశాడు. ఏసీ చప్పుడు వినపడుతోంది. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక సంగతి తట్టింది. ఈ ఇంట్లో నా మాటని ఎవరూ మధ్యలో తుంచలేని చోటు ఇదొక్కటే. ప్రార్థనలో ఉన్నవాళ్ళకి అడ్డు తగలరు. నవ్వరు. "దాని సిగ్గు" అనరు. చూడరు కూడా.

"ప్రభువా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. అక్క చెయ్యి ఉలిక్కిపడింది. "నాకు పైకి ప్రార్థించడం రాదు. నా పెళ్ళి గురించి ఇక్కడ అందరూ నిన్ను అడుగుతున్నారు. నేనే అడగలేదు. ఆ అబ్బాయి మంచివాడు, అతన్ని దీవించు. కానీ నాకు అతన్ని చేసుకోవాలని లేదు. అక్కకి చెప్పాలంటే మాట రావడం లేదు. అమ్మకి చెప్పాలంటే భయంగా ఉంది. నాకోసం ఎవరూ ఉపవాసం ఉండొద్దు. అన్నయ్యకి ఎండలో పని. ఇంకేం చెప్పాలో తెలీదు. నేను చెప్పింది నీకు వినపడితే చాలు. ఆమేన్."

ఎవరూ ఆమేన్ అనలేదు. అక్క చెయ్యి నా చేతిలో రాయిలా ఉంది. ఆ కొద్దిసేపూ నేను లేచి పారిపోదామనుకున్నాను. పారిపోయి ఎక్కడికి? లోపలి గదిలో రెండంతస్తుల మంచం నిండా పిల్లలు.

"ఆమేన్!" అంది మా పిల్ల, గట్టిగా. "నౌ కెన్ మకాన్ ఆ?" ఇక తినొచ్చా అని దాని గోల.

అలవాటు ఎంత గొప్పదో. ఆ కేక వినగానే అందరి నోళ్ళలోంచీ ఒకేసారి ఆమేన్ వచ్చేసింది. ఆంటీ అంది, ఆమె భర్త అన్నాడు, షిప్‌యార్డు అన్న అందరికన్నా గట్టిగా అన్నాడు. అనేశాక అందరూ కళ్ళు తెరిచి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దేనికి ఆమేన్ అన్నారో అప్పుడు తెలిసింది వాళ్ళకి. అమ్మ ఒక్కతే అనలేదు. శాలువా లోపలికి ముడుచుకుని నేల చూస్తోంది.

కేకు కోశారు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆంటీ మాత్రం వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టబోయి, ఆగి, భుజం తట్టింది. షిప్‌యార్డు అన్న స్వెట్టర్ విప్పి మడతపెట్టి ఇస్తూ, "సిస్టర్, శుక్రవారం బిర్యానీ తినేస్తా అయితే" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

తలుపు మూయగానే అక్క నావైపు తిరిగింది.

"ప్రార్థనలో చెప్తారటే అలాంటివి? అందరి ముందూ నా పరువు తీశావు. నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పానక్కా."

"ఎప్పుడు?"

"చిక్కుడుకాయలప్పుడు."

బావ ప్లేట్లు పట్టుకుని వంటింట్లోకి జారుకున్నాడు.

"నేను ఆమేన్ అనలేదు" అంది అమ్మ కుర్చీలోంచి.

నేను ఆమె వైపు తిరిగాను.

"సంగతి పూర్తిగా వినకుండా ఆమేన్ అనకూడదు. ముందు ఆ కిటికీ తియ్యి, మోకాళ్ళు పట్టేశాయి. తీసి ఇలా వచ్చి కూర్చో."

అద్దం జరిపాను. వాన వాసనా, కింది అంతస్తులో ఎవరో వెల్లుల్లి వేయిస్తున్న వాసనా ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. ఎదురు బ్లాక్ కనపడింది. కారిడార్‌లో ఒక మలయ్ ఆవిడ తడి బట్టలు తీస్తోంది.

"అబ్బాయిలో లోపమేమన్నా కనిపించిందా?" అంది అమ్మ.

"లేదమ్మా."

"ఎవరన్నా ఉన్నారా?"

"లేరు."

"మరి?"

చెప్పడానికి ఏమీ లేదు. అదే కష్టం. కారణం ఉంటే అది చూపించి తప్పుకోవచ్చు. "ఇష్టం లేదమ్మా. అంతే."

అమ్మ ఫోన్ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, విజయవాడకి కలిపింది. అవతల ఫోన్ ఎత్తాక క్షేమసమాచారాలు అయ్యాయి, అక్కడి చలి, ఇక్కడి వాన. అక్క చేతులు నలుపుకుంటూ, "దేవుని చిత్తం కాదని చెప్పమ్మా, బాగుంటుంది" అని గుసగుసలాడింది. అమ్మ ఆ మాట వినపడనట్టే ఉంది.

"వదినగారూ, మా అమ్మాయికి ఇష్టం లేదండి. మీవాడిలో ఏ లోపమూ లేదు. ముందే దాన్ని సరిగ్గా అడగాల్సింది, అడగలేదు. తప్పు మాదే. మన్నించండి."

ఆ మాటల్ని ఆ ఇంట్లో అంత మామూలుగా పలకడం నేను మొదటిసారి విన్నాను. అవతలి వాళ్ళు ఏమన్నారో తెలియదు. అమ్మ మొహం చూస్తే మంచి మాటలేమీ అనలేదని తెలిసింది. ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మోకాళ్ళు రుద్దుకుంది. ఆమేన్ అనలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు నేను దేవుడితో మాట్లాడానా, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని అక్కతో మాట్లాడానా అన్నది నాకింకా తేలలేదు. రెండూ కావచ్చు. ఆయన వచ్చింది కూడా చోటు లేని ఊళ్ళోకే, పశువుల మధ్య ఇరుక్కుని. ఇరుకులోంచి వచ్చే మాట ఎలా ఉంటుందో ఆయనకి తెలిసే ఉంటుంది.

అక్క పాక మీది దూది పీకడం మొదలుపెట్టింది, పండగ ఇంకా రాకముందే. పిల్ల లబోదిబోమంది. అక్క దూది మళ్ళీ అతికించి, నావైపు చూడకుండా, "వచ్చే శనివారం కూటంలో నేను నోరెత్తను. మనవి వెనక్కి తీసుకుంటున్నామని నువ్వే లేచి చెప్పుకో" అంది.

"కళ్ళు మూసుకుని చెప్పొచ్చా?" అన్నాను.

అక్క నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. కోపం ఇంకా పోలేదు.

"తెరిచే చెప్పు" అంది. "అందరూ చూస్తుండగా."